పదే పదే వస్తే అబద్ధమూ నిజమే అనిపిస్తుందా? గ్రూపులో ఖండన ఎలా రాయాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ):
తుఫాను సీజన్ వస్తే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "రేపు సునామీ, బీచ్ రోడ్డు మునుగుతుంది" అన్న ఫార్వర్డు నాలుగైదుసార్లు తిరుగుతుంది. స్క్రీన్‌షాట్ మీద "తప్పు" అని కొట్టి పెట్టినా, వారం తిరిగేసరికి చదువుకున్నవాళ్లే "ఎక్కడో విన్నామండీ, నిజమేనట" అంటున్నారు. ఎందుకిలా?

జవాబు 1:
రెండోసారి విన్న మాట మెదడుకు సులువుగా ఎక్కుతుంది. ఆ సులువునే నిజమనుకుంటాం. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు, విడతకు 60 వాక్యాలు వినిపించారు. ప్రతిసారీ తిరిగొచ్చిన 20 వాక్యాల మీదే నమ్మకం పెరిగింది: 7 పాయింట్ల స్కేలు మీద సగటు 4.2 నుంచి 4.7కి. మార్పు చిన్నదే, కానీ అబద్ధపు వాక్యాలకూ పెరిగింది.

చదువు కాపాడదు. 2015లో ఫాజియో అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో ఇలాంటి ప్రయోగంలోనే వాడిన ఒక వాక్యం, స్కాట్లండ్‌వాళ్లు కట్టే కుచ్చుల స్కర్టు పేరు చీర అని! మనకు నవ్వొస్తుంది గానీ, అసలు పేరు తెలిసినవాళ్లకు కూడా అలాంటివి రెండోసారి కనబడితే కాస్త నిజమనిపించాయి.

జవాబు 2:
మీ స్క్రీన్‌షాటే చిక్కు. పుకారును మీరే ఇంకోసారి చూపించినట్టయింది. కొన్నాళ్లకు "తప్పు" అన్న ముద్ర చెరిగి మాట మిగులుతుంది, పెద్ద వయసువాళ్లలో మరీను. ఇలా రాయండి:

"సునామీ ఎక్కువగా సముద్రగర్భ భూకంపం వల్ల పుడుతుంది. ఆ భూకంపం ఎప్పుడొస్తుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. కాబట్టి 'రేపు సునామీ' అన్న మెసేజ్ తప్పు. సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది, తుఫానువి విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రం ఇస్తుంది."

నిజం ముందు, పుకారు మధ్యలో ఒక్కసారి, మళ్లీ నిజం. కారణం చెప్పకుండా వట్టి "కాదు" అంటే ఆ ఖాళీలోకి పుకారే తిరిగొస్తుంది. తెల్ల నేల మీద నల్ల అక్షరాలు చాలు. తేలిగ్గా చదవగలిగింది నిజంలా తోస్తుందని 1999లోనే రెబర్, ష్వార్జ్ చూపించారు. పిన్ చేసి వదిలేయొద్దు, సీజన్‌లో రెండు మూడుసార్లు మళ్లీ పెట్టండి. పునరావృతం నిజానికీ పనిచేస్తుంది.

జవాబు 3:
పై నమూనా బాగుంది. అలాగని పుకారు పేరే ఎత్తడానికి భయపడొద్దు, లేకపోతే దేన్ని ఖండిస్తున్నారో ఎవరికీ తెలీదు.

ఇంకొకటి. మేకను కుక్కని నమ్మించడానికి కథలో ముగ్గురు దొంగలు కావాల్సొచ్చింది. గ్రూపులో ఒక్కరే మూడుసార్లు పెట్టినా, అందరూ అంటున్నట్టే అనిపిస్తుంది. అందుకే అదే ఫార్వర్డు రెండోసారి వస్తే అడ్మిన్ వెంటనే తీసేయాలి. మొదటిసారి వచ్చినప్పుడే "ఇది నిజమేనా, ఎవరు చెప్పారు?" అని అడిగితే ఇంకా మేలు. విషయం ముందే తెలిసినవాళ్ల మీద ఆ ప్రశ్న బాగా పనిచేస్తుంది. తెలియనివాళ్లకు మాత్రం జవాబు కూడా మీరే ఇవ్వాలి.