400 మీటర్ల వల ఉంది: చెరువు గుండ్రంగానా, నలుచదరంగానా?

అంబాజీపేట అబ్బాయి:
మా పాత రొయ్యల చెరువు గట్లు జారిపోయాయి. వేసవిలో మళ్ళీ వేయించాలి. పీతలు రాకుండా చుట్టూ కట్టిన వల విప్పి కొలిస్తే 400 మీటర్లు వచ్చింది, బాగానే ఉంది, కొత్తది కొనం. ఎప్పటిలా నలుచదరమే మేలని నాన్న, గుండ్రంగా వేస్తే అదే వలకి ఎక్కువ నీళ్ళు పడతాయని నేను. మూడు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్, అన్నం దగ్గర కూడా పై (π) ఆర్ స్క్వేరే. మీరే తేల్చండి.

లెక్కల మాస్టారు:
అబ్బాయిదే నిజం. 400 మీటర్లతో నలుచదరం కడితే వైపుకి 100, వైశాల్యం 10,000 చదరపు మీటర్లు. అంటే 2 ఎకరాల 47 సెంట్లు. అదే వల గుండ్రంగా తిప్పితే వ్యాసార్థం 63.66 మీటర్లు, వైశాల్యం 12,732. అది 3 ఎకరాల 14న్నర సెంట్లు (ఈ అంకె పై విలువ 3.14 లాగే కనిపించడం వట్టి కాకతాళీయం, మోసపోకండి). 67 సెంట్లు ఉత్తినే వచ్చాయి. సమబాహు త్రిభుజమైతే 7,698 దగ్గరే ఆగిపోతుంది, షడ్భుజి 11,547 దాకా వెళ్తుంది. భుజాలు పెరిగేకొద్దీ వృత్తం వైపే నడక.
ఎందుకంటారా? గట్టు ఒకచోట లోపలికి సొట్టపోయిందనుకోండి. ఆ సొట్టని అద్దంలో బొమ్మలా బయటికి తిప్పెయ్యండి. వల పొడవు మారదు, చోటు పెరుగుతుంది. మూలలదీ దాదాపు ఇదే జబ్బు: వల ఎక్కువ తింటాయి, చోటు తక్కువ ఇస్తాయి. వెనకటి రోజుల్లో ధాన్యం పురి కట్టేవాళ్ళు ఎండుగడ్డి తాడుని గుండ్రంగానే చుట్టేవాళ్ళు కదా, తాడు దండగ కాకుండా.

పొక్లెయిన్ బాబాయి:
మాస్టారూ, మీ పై బాగానే ఉంది గానీ పొక్లెయిన్‌కి అద్దె గంటల లెక్కనండీ. తిన్నటి గట్టయితే తాడు లాగి వేసుకుపోతాం. వంపు తిప్పమంటే అడుగడుక్కీ దిగి మేకులు చూసుకోవాలి. పైగా రెండు గుండ్రటి చెరువులు పక్కపక్కన వేస్తే మధ్యలో మిగిలే మూల ఎవడు తింటాడు? నలుచదరమైతే ఇద్దరికీ ఒకటే గట్టు.

ఇరవైరెండు బై ఏడు:
నాకో అనుమానం. 22/7 పెడితే వ్యాసార్థం 63.64 వస్తోంది, మాస్టారికి 63.66 ఎలా వచ్చింది? బడిలో పై విలువ 22/7 అనే చెప్పారు. మా తాతయ్యయితే నూతి వరలకి వ్యాసానికి మూడింతలు అనేసేవాడు, అయిపోయేది.

లెక్కల మాస్టారు:
22/7 పై కాదండీ, పైకి దగ్గరి చుట్టం. అసలు విలువ దానికంటే కాస్త తక్కువని ఆర్కిమెడిస్ ఏనాడో చూపించాడు. ఆర్యభటుడు 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత చెప్పి, అది కూడా ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గర్దగ్గర అని. ఏ భిన్నంతోనూ సరిగ్గా తెగదని 1761లో లాంబర్ట్ అనే గణితవేత్త రుజువు చేశాడు. అయితే మీ చెరువుకి ఆ తేడా 5 చదరపు మీటర్లు, రెండు మంచాలు వేసినంత. 3.14 వేస్తే తప్పు ఇంకొంచెం పెరుగుతుంది, చాలామందికి ఇది తెలియదు.
మూడింతలు మాత్రం వద్దు. 100 మీటర్ల వ్యాసానికి 300 మీటర్ల వల తెచ్చుకుంటే 14 మీటర్లు చాలదు, పీతలకి సింహద్వారం తెరిచినట్టే. పాతకాలపు గణితవేత్త మహావీరాచార్యుడు కూడా మూడుని మోటు లెక్కకే ఉంచి, సూక్ష్మానికి 10 వర్గమూలం వాడమన్నాడు. ఆయన గణితాన్ని మన కవి పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆ వర్గమూలం లెక్కయితే 316 మీటర్లు, రెండు మీటర్లు మిగులుతాయి. నష్టం లేదు.

రాజోలు రైతు:
అందరూ పై మీద పడ్డారు, చేను ఎంతో ఒక్కరూ అడగలేదు. అబ్బాయ్, పాత చెరువు వల సరిగ్గా 400 వచ్చిందంటున్నావ్. ఆ చెరువు నలుచదరమే కదూ? చుట్టూ ఎవరివి?

అంబాజీపేట అబ్బాయి:
అవునండీ, వైపుకి 100 మీటర్లు. చుట్టూ పక్కవాళ్ళవే. ఒక పక్క బోదె (చిన్న కాలువ).

రాజోలు రైతు:
మరింకేం. మాస్టారి వృత్తానికి వ్యాసం 127 మీటర్లు. 27 మీటర్లు పక్కవాళ్ళ చేలో తవ్వుతావా? నీ స్థలంలో పట్టేది 100 మీటర్ల వ్యాసం. నీళ్ళు 7,854 చదరపు మీటర్లు, ఎకరం 94 సెంట్లు. లాభం సంగతి దేవుడెరుగు, 53 సెంట్లు మూలల్లో పోతాయి, 86 మీటర్ల వల మిగిలి మూలన పడుంటుంది. వల తక్కువై భూమి ఎక్కువైతే గుండ్రం. భూమే తక్కువైతే నాన్నగారి మాట.
కాకపోతే మూలల్లో ఏరేటర్ (నీళ్ళకి గాలి పట్టించే యంత్రం) తిప్పినా నీళ్ళు కదలవు, మడ్డి పేరుకుంటుంది. మా చెరువులో చూస్తూనే ఉన్నాను. మూలలు మాత్రం వంపు తిప్పించు.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటున్నాను, స్థలం అడక్కుండా నోరు జారాను. మూలకి 10 మీటర్ల వ్యాసార్థంతో వంపు ఇస్తే నాలుగు మూలల్లో కలిపి పోయేది 86 చదరపు మీటర్లు, రెండు సెంట్ల పైచిలుకు. మిగిలేది 17 మీటర్ల వల.

పొక్లెయిన్ బాబాయి:
నాలుగు వంపులే అయితే ఆయ్, చేసేద్దాం.

అంబాజీపేట అబ్బాయి:
నాన్నకి చదివి వినిపించాను. “నేను చెప్పిందీ నలుచదరమేగా” అని కాఫీ తెమ్మన్నారు. ఆ 17 మీటర్లు కోడిపిల్లల చుట్టూ కట్టమంది అమ్మ. పెరట్లో స్థలానికి లోటు లేదు కాబట్టి అది మాత్రం గుండ్రంగానే కడతాను. 23 చదరపు మీటర్లు వస్తుంది, నలుచదరమైతే 18.