మొకాసిన్ బూట్లు, మొకాసిన్ పాము: హ్యూస్టన్ ప్రయాణానికి ముందు రెండు సందేహాలు

ఆరిలోవ టీచరమ్మ:
మాది విశాఖపట్నం, ముడసర్లోవ రిజర్వాయరుకు దగ్గర. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. అమ్మాయి పురిటికి నేనూ మావారూ హ్యూస్టన్ వెళ్తున్నాం. సందేహాలు రెండు. సంబంధం లేనివిగా కనిపిస్తాయి గాని, మా ఇంట్లో రెండూ కలిసే గొడవ పెడుతున్నాయి.

మొదటిది బూట్లు. అమ్మాయి ఎవరి చేతో ఒక జత మొకాసిన్లు పంపింది. జింక తోలట. లేత గోధుమరంగు, పైన నూగు, ముందు భాగాన చిన్న పూసలు. మడమ లేదు, అడుగున రబ్బరు లేదు. వానల్లో బీరువాలో ఉంచితే తెల్లటి బూజు పట్టింది. ఎలా వదిలించాలి?

రెండోది పాము. అల్లుడు ఫోనులో నవ్వుతూ, "అత్తయ్యగారూ, అవి వేసుకుని మా ఇంటి వెనక చెరువు గట్టున తిరగకండి, అక్కడ ఇంకో రకం మొకాసిన్లు ఉంటాయి" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మావారికి నిద్ర లేదు, వీడియోలే వీడియోలు. ఆ పాము మనిషి వెంటపడుతుందట. ఇక్కడి నుంచి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఐసుపెట్టెలో పట్టుకెళ్దామని పట్టుబట్టారు. కంబాలకొండ అడవి పక్కన ఉండేవాళ్లం, నీరుకట్టెను చూసి పరుగెత్తే మనిషిని కాను. పరాయి దేశపు పామును గుర్తుపట్టడం ఎలాగో మాత్రం తెలియదు. తెలిసినవాళ్లు కాస్త ఓపికగా రాయండి, ఆయనకు చదివి వినిపిస్తాను. నేను చెబితే వినరు.

తోలుపని, పూర్ణామార్కెట్:
అమ్మా, బూట్ల సంగతి నేను చెబుతాను. బూజును ఇంట్లో దులపకండి, ఆ పొడి పక్కనున్న చెప్పులకు అంటుకుంటుంది. వరండాలోకి తీసుకెళ్లి మెత్తటి బ్రష్షుతో ఒకే వైపుకు దులపండి. తెల్ల వెనిగరులో అంతే నీళ్లు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, దానితో అద్దండి. రుద్దితే నూగు నలిగిపోతుంది. తర్వాత లోపల పాత పేపరు కూరి ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండ తగిలితే తోలు బిగుసుకుంటుంది. పాలిష్ జోలికి పోవద్దు, నూగు తోలు మీద అది జిడ్డు మరకగా మిగులుతుంది. ప్లాస్టిక్ కవరు పారేసి గుడ్డసంచిలో పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక, కరెంటు లేని ఇళ్ల నుంచి జనం మా దగ్గరకు మోసుకొచ్చిన బూట్లలో కవర్లలో కట్టిపెట్టినవే ఎక్కువ పాడయ్యాయి.

మీది అసలైన మొకాసినో కాదో చూసుకోండి. లోపల వేలు పెట్టి అంచు వెంట తడమండి. పాదం కింద తోలూ పక్కల తోలూ ఒకటే ముక్కయితే అతుకు తగలదు. ఆ ముక్కను కింది నుంచి పైకి తెచ్చి, వేళ్ల మీద మరో చిన్న ముక్క పెట్టి కలిపి కుడతారు. కింది ముక్క అంచు పొడవు, పై ముక్క అంచు పొట్టి. ఆ తేడానంతా కుచ్చుల్లో సర్దాలి. ఆరెతో పొడిచే రంధ్రాలు రెండు ముక్కల్లో సరిపోలకపోతే బూటు ముక్కు ఒక పక్కకు తిరిగిపోతుంది. ఆ పని చేతిలో ఉన్నవాడికే తెలుస్తుంది దాని కష్టం. బజారులో లోఫర్లని అమ్మే లేసుల్లేని బూట్లలో చాలావాటికి ఆ కుచ్చు కుట్టు సోకు కోసమే, అడుగు వేరేగా అంటించి ఉంటుంది.

అమెరికా ఆదివాసుల్లో అడవుల వాళ్లు మెత్తని అడుగుతోనే కుట్టుకునేవారు. మైదానాల వాళ్లు ముళ్లూ రాళ్లూ గుచ్చుకోకుండా పచ్చితోలుతో గట్టి అడుగు వేసేవారు. తడిసి ఆరినా తోలు గట్టిపడకుండా దానికి పొగ పట్టించేవారు. మీ జతకు పొగ వాసన లేకపోతే నీళ్లు తగలనివ్వకండి. బీచి రోడ్డు నడకకు అసలే వద్దు.

హ్యూస్టన్‌లో గాజువాక అబ్బాయి:
టీచరుగారూ, పాము సంగతి నాకు వదిలేయండి. ఇది పింజరుల కుటుంబానిదే. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య వేడిని పసిగట్టే గుంట ఉంటుంది, మన రక్తపింజరికి అది లేదు. అయితే ఆ గుంట కనిపించేంత దగ్గరకు మీరు వెళ్లనక్కర్లేదు, ఈత చూస్తే చాలు. ఇక్కడి చెరువుల్లో విషం లేని నీటిపాములూ ఉన్నాయి. అవి ఈదుతుంటే సాధారణంగా తల పైకి ఉండి ఒళ్లు నీళ్లలో ఉంటుంది. మొకాసిన్ ఒళ్లంతా నీటి మీద తేలుతూ వస్తుంది. పొడవు మామూలుగా రెండు నుంచి నాలుగు అడుగులు, ఆ పొడవుకు తగినదానికన్నా లావు ఎక్కువ. ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చారలు కనిపించకుండా పోతాయి. పిల్లలకు తోక చివర పసుపుపచ్చగా ఉంటుంది, దాన్ని పురుగులా ఆడించి కప్పలను దగ్గరకు రప్పించుకుంటాయి.

వెంటపడటం అబద్ధం. మనిషి కనిపిస్తే చాలాసార్లు పారిపోదు, అదే దాని చెడ్డపేరుకు కారణం. ఉన్నచోటే చుట్టుకుని నోరు బార్లా తెరుస్తుంది. లోపల పగిలిన పత్తికాయంత తెలుపు. అది హెచ్చరిక. గిబ్బన్స్, డోర్కాస్ అనే శాస్త్రవేత్తలు అడవిలో ఈ పాముల పక్కన నిలబడి, బూటుతో తొక్కి, కృత్రిమ చేతితో ఎత్తి పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తినప్పుడు కూడా ఎక్కువ పాములు కరవలేదు. అంత మాత్రాన సార్‌ను ఆ ప్రయోగం చేయనివ్వకండి.

రాత్రి డ్యూటీ నర్సు:
మేడమ్, ఐసుపెట్టె ఆలోచన సార్ చేత మాన్పించండి. మన ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి తయారుచేసేది. అమెరికా పాము ఆ జాబితాలో లేదు. అక్కడ క్రోఫాబ్ అనే మందు ఉంది, 2000లో అనుమతి వచ్చింది. దాన్ని గొర్రెల నుంచి తీస్తారు. తయారీకి వాడే నాలుగు పాముల విషాల్లో మొకాసిన్‌ది ఒకటి, మిగతా మూడూ రాటిల్‌స్నేక్‌లవి. పైగా ఇలాంటి మందు ఇంట్లో పొడుచుకునేది కాదు. ఎక్కిస్తుండగా ఒళ్లు దద్దుర్లు వేసి బీపీ పడిపోవచ్చు, దాన్ని ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతిలో ఉంచుకుని ఎక్కిస్తాం.

మీరు ఆరిలోవలో ఉన్నన్నాళ్లు గుర్తుంచుకోవలసింది రక్తపింజరిని. అది కరిచిందని వస్తే మేము చేసే మొదటి పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డ కట్టి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకుంటాం. నీళ్లలా జారిందంటే మందు మొదలుపెడతాం. కాటు దగ్గర బ్లేడుతో కోసుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఏడుపొస్తుంది, రక్తం గడ్డకట్టని మనిషికి ఇంకో గాయం చేసి తీసుకొస్తారు. కోయకండి, బిగించి కట్టకండి, కాలు కదపనివ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి.

ఆరిలోవ టీచరమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. బూజు పోయింది. లోపల అతుకు తగలలేదు, పొగ వాసనా లేదు. నర్సమ్మ రాసినది రెండుసార్లు చదివించుకుని మావారు ఇంజెక్షన్ మాట వదిలేశారు. ఇప్పుడు చేతికర్ర తీసుకెళ్తానంటున్నారు. నేల మీద తట్టుకుంటూ పోతే పాము తప్పుకుంటుందని ఆయన వాదన. పనిచేస్తుందా?

హ్యూస్టన్‌లో గాజువాక అబ్బాయి:
తప్పుకునే పాములు తప్పుకుంటాయి గాని, ఇది ఉన్నచోటే ఉండే రకమని చెప్పాను కదా. గడ్డిలో ముందు తట్టి చూసి అడుగు వేయడానికి కర్ర మంచిదే. పామును పక్కకు నెట్టడానికైతే వద్దు, కొట్టబోయీ పట్టుకోబోయీ కాటు తిన్నవాళ్ల కథలే ఇక్కడ ఎక్కువ వింటుంటాను. సిమెంటు బాట దిగకుండా నడవండి. చీకటి పడితే టార్చి వేసుకోండి. గడ్డిలోకి దిగక తప్పకపోతే చీలమండ దాటే గట్టి బూట్లు కావాలి. మొకాసిన్లు ఇంట్లో మనవడినో మనవరాలినో ఎత్తుకుని తిరిగేటప్పుడు వేసుకోండి. కర్ర ఇక్కడే కొనుక్కోవచ్చు, సామానులో ఆ మేరకు బరువు మిగిలితే మాడుగుల హల్వా పెట్టుకోండి. మీ అల్లుడి చిరునామా తెలిస్తే నేనే వచ్చి తీసుకుంటాను.