మొదటి మల్టీమీటర్: వైజాగ్‌లో తక్కువ ధరలో ఏది కొనాలి?

ఎంవీపీ_కుండీలు:

అందరికీ నమస్తే. నాది బీకామ్, చదువు పరంగా ఎలక్ట్రానిక్స్‌తో ఏ సంబంధం లేదు, కానీ నాలుగు నెలలుగా ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి సెన్సర్లు, మోటార్లు నడిపే చిన్న బోర్డు) పట్టుకుని కూర్చుంటున్నాను. మేడ మీద అమ్మ పెంచే కుండీలు పాతిక దాకా ఉన్నాయి, మేం ఊరెళ్తే వాటికి నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, అందుకని మట్టి ఎండితే చిన్న పంపు దానంతట అదే తిరిగేలా ఒకటి చేస్తున్నాను. రిలే (ఆర్డుయినో చెప్తే పంపుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) టిక్‌మంటుంది, దాని మీద లైటు కూడా వెలుగుతుంది, పంపు మాత్రం ఒకసారి మూలిగి ఆగిపోతుంది. నిన్న రాత్రి పన్నెండు దాకా ఒక్కో వైరు మార్చి మార్చి చూశాను, ఎక్కడ పోతుందో తెలీలేదు. ఇలా గుడ్డిగా వెతికితే లాభం లేదు, వోల్టేజ్, రెసిస్టెన్స్ లాంటివి కొలిచే మల్టీమీటరు ఉండాల్సిందే అనిపించింది.

డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో అడిగితే పసుపు రంగుది చిన్నది ఒకటి చూపించారు, రెండొందల చిల్లర. పక్కనే ఇంకోటి, పదకొండొందలు. తేడా ఏంటండీ అంటే "రెండూ వోల్టేజ్ చూపిస్తాయి బాబూ" అన్నారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే కౌంట్స్ అంటారు, ట్రూ ఆర్ఎంఎస్ అంటారు, ఆటో రేంజ్ అంటారు, చదివేకొద్దీ అయోమయం పెరిగింది. నా బడ్జెట్ 500, మరీ అవసరమైతే 1200 దాకా సర్దుకుంటాను. నాన్నేమో కొనేదేదో ఇంట్లో స్విచ్ బోర్డులు, ఫ్యాన్లు కూడా చూసుకునేలా కొను అంటున్నారు. రెండు పనులకీ ఒకటే సరిపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

మధురవాడ_మేకర్:

బ్రో ముందు ఒక మాట, పంపుకి సప్లై ఎక్కడ్నుంచి ఇస్తున్నావో రాయలేదు. మూలిగి ఆగుతుందంటే నాకు దాని మీదే అనుమానం. మీటరు కొన్నాక పంపు తిప్పుతూ, అంటే లోడ్ మీద ఉండగానే, దాని రెండు వైర్ల మధ్య వోల్టేజ్ చూడు. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఇక మీటరు సంగతి. కౌంట్స్ గురించి బుర్ర పాడుచేసుకోకు. 2000 కౌంట్స్ అంటే స్క్రీన్ మీద 1999 దాకా వస్తుంది, అంతే. 20 వోల్టుల రేంజిలో పెడితే 5 వోల్టులు 5.02 అని కనిపిస్తుంది, ఆర్డుయినో పనికి అంతకన్నా ఏం కావాలి. ట్రూ ఆర్ఎంఎస్ (వేవ్ ఆకారం మారిన ఏసీని కూడా సరిగ్గా కొలవడం) కూడా ఇప్పుడు నీకు అక్కర్లేదు, ఇంట్లోకి వచ్చే ఏసీని మామూలు మీటరు కూడా దాదాపు సరిగ్గానే చూపిస్తుంది, డిమ్మర్ దగ్గరో, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్ దగ్గరో తేడా వస్తుంది.

నువ్వు గట్టిగా అడగాల్సింది ఒకటే, కంటిన్యుటీకి, అంటే రెండు మొనల మధ్య దారి తెగకుండా ఉంటే, బీప్ వస్తుందా లేదా. పసుపు మీటర్లలో డీటీ 830బీ అని రాసున్నదానికి బజర్ ఉండదు, 830డీకి ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి అక్షరం చూసి తీసుకో. రోజూ మనం వాడేది ఆ బీపే, వైరు లోపల తెగిందా, టంకం సరిగ్గా పట్టిందా, పక్కపక్క పిన్నులు కలిసిపోయాయా, ఇవన్నీ స్క్రీన్ వైపు చూడకుండా చెవితో తెలిసిపోతాయి.

ఇంకోటి, మొదట్లో నేను చాలా కంగారు పడిన విషయం: స్క్రీన్ ఎడమ పక్కన ఒట్టి 1 అని కనిపిస్తే మీటరు పాడైనట్టు కాదు, నువ్వు పెట్టిన రేంజికి మించిపోయింది అని అర్థం. ఎర్ర ఎల్ఈడీని డయోడ్ టెస్ట్‌లో పెడితే 1.8 అలా చూపించి సన్నగా వెలుగుతుంది, తెల్లది పెడితే 1 అనే వస్తుంది, ఎందుకంటే దానికి 3 వోల్టుల దాకా కావాలి, ఆ రేంజి 2 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. నేను ఇది తెలీక మంచి ఎల్ఈడీలు పది దాకా పక్కన పడేశాను.

నా ఓటు 830డీకే. మిగిలిన డబ్బులతో మంచి సోల్డరింగ్ ఐరన్ కొనుక్కో.

గాజువాక_వైర్‌మాన్:

మేకర్ గారు చెప్పింది బ్యాటరీ పనికైతే కరెక్టే. కానీ వాళ్ళ నాన్నగారు స్విచ్ బోర్డు చూడాలంటున్నారు కదా, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఇరవై రెండేళ్ళుగా హౌస్ వైరింగ్ చేస్తున్నాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు బాబూ.

ఏటంటే, మన మాటలోనే ఒక తిరకాసు ఉంది. ఇంట్లో "కరెంటు ఉందో లేదో చూడు" అంటాం. అంటే వోల్టేజ్ చూడమని. మీటరు మీద కరెంటు అంటే మాత్రం యాంప్స్. నా దగ్గర కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి నేను కూడా అలాగే చెప్పాను, ప్లగ్ పాయింటులో కరెంటు చూడరా అని. వాడు ఐటీఐ చదివినోడు, కరెంటు అంటే యాంప్స్ అని వాడికి తెలుసు, మీటరు ఎర్ర ప్రోబు (కొలవడానికి వాడే ముల్లున్న వైరు) తీసి 10 యాంప్స్ కన్నంలో పెట్టి, నాబ్ కూడా అక్కడికే తిప్పి, రెండు ముళ్ళూ సాకెట్లో పెట్టీసాడు. ఠప్‌మని నీలంగా మంట లేచింది, ఎంసీబీ (షార్ట్ అయితే దానంతట అదే సప్లై ఆపేసే స్విచ్) పడిపోయింది. తీసి చూస్తే ప్రోబు మొన కరిగి బఠాణీ గింజలా ముద్దకట్టింది, వాడి రెండు వేళ్ళకీ మసి. ఎంసీబీ మంచిది కాబట్టి ఆ పిల్లాడికి ఏం కాలేదు. వోల్టేజ్ అని చెప్పకపోవడం నా తప్పు, ఆ రోజు నుంచి నేను పనిలో కరెంటు అనే మాటే వాడట్లేదు, ఫేజు చూడు, వోల్టేజ్ చూడు అనే అంటాను.

ఎందుకలా అయిందంటే, వోల్టేజ్‌లో పెట్టినప్పుడు మీటరు లోపల లక్షల ఓములు అడ్డం ఉంటాయి, యాంప్స్‌లో పెడితే లోపల ఉండేది ఒక లావుపాటి తీగ ముక్క, ఓమ్‌లో వందో వంతు ఉంటుందేమో. అంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య నేరుగా తీగ పెట్టినట్టే. ఆ పసుపు మీటర్లకి 10 యాంప్స్ కన్నం పక్కనే అన్‌ఫ్యూజ్డ్ అని అచ్చేసి ఉంటుంది, ఫ్యూజు లేదు అని వాళ్ళే చెప్తున్నారు, మనమే చదవం. 

మన ఇళ్ళలో 230 వోల్టులు అంటాం గానీ ఆ వేవ్ పై మొన 325 దాకా వెళ్తుంది, పైగా మోటార్లు ఆగినప్పుడు, పిడుగులు పడినప్పుడు ఇంకా పెద్ద తన్నులు వస్తాయి. అందుకే మీటరు మీద క్యాట్ రేటింగ్, అంటే ఎక్కడి తన్నుల దాకా తట్టుకుంటుందో చెప్పే గుర్తు, చూడాలి. ప్లగ్ పాయింటుకి తగిలించే సామాన్ల దగ్గర క్యాట్ 2, మెయిన్ డీబీ (ఎంసీబీలు ఉండే పెట్టె) దగ్గర క్యాట్ 3. నీ బడ్జెట్‌లో అయితే యూని-టి వాళ్ళ యూటీ33 ప్లస్ సిరీస్ చూడు, అది క్యాట్ 2, 600 వోల్టులు. అందులో కూడా అక్షరాన్ని బట్టి సౌకర్యం మారుతుంది, యూటీ33ఏ ప్లస్‌లో కెపాసిటర్ చూడొచ్చు, సీ ప్లస్‌లో టెంపరేచర్, డీ ప్లస్‌లో తాకకుండానే ఫేజు పట్టే సెన్సర్. డీబీ మూత మాత్రం నువ్వు తియ్యొద్దు, దానికి మమ్మల్ని పిలువు.

డబ్బులుంటే ఫ్లూక్ 101 అని చిన్నది ఉంది, క్యాట్ 3, దాంట్లో అసలు యాంప్స్ కొలిచే ఏర్పాటే లేదు. లేదని కొందరు వంక పెడతారు గానీ, మా కుర్రాడు చేసిన పని దాంతో చేద్దామన్నా కుదరదు, నాకు అదే నచ్చి కొనుక్కున్నాను. కానీ నాలుగు వేలు పైమాటే, నీకిప్పుడు వద్దు.

ఇంకొక్కటి. స్విచ్ ఆఫ్ చేసిన వైరులో కూడా మీటరు ఒక్కోసారి 60, 80 వోల్టులు చూపిస్తుంది. పక్క వైరు ప్రభావంతో వచ్చే ఉత్తుత్తి వోల్టేజ్ అది, డిజిటల్ మీటరు దాన్ని కూడా పట్టేస్తుంది. అలాంటప్పుడు మేం హోల్డరుకి బల్బు పెట్టిన టెస్ట్ ల్యాంపు తగిలిస్తాం, నిజంగా సప్లై ఉంటే వెలుగుతుంది, లేకపోతే ఆ 80 కాస్తా సున్నా అయిపోతుంది.

ఎంవీపీ_కుండీలు:

అన్నా, మీరు చెప్పకపోతే నేను కూడా సరిగ్గా అదే చేసేవాడిని, నిజంగా. కరెంటు చూడాలంటే A అని రాసున్న దగ్గర పెట్టాలనే అనుకుంటున్నాను ఇప్పటిదాకా. నాన్నకి కూడా చదివి వినిపించాను.

మేకర్ బ్రో, పంపుకి 9 వోల్టుల బ్యాటరీ ఇచ్చాను, ఆ చదరంగా ఉండేది, కొత్తదే. పంపు మీద 3 నుంచి 6 వోల్టులు అని ఉంది, ఎక్కువే ఇస్తున్నా కదా మరి ఎందుకు తిరగదు?

శనివారం వెళ్ళి కొనేస్తాను. షాపులో ఏమైనా చెక్ చేసి తీసుకోవచ్చా, లేక డబ్బా విప్పనివ్వరా?

పాలిటెక్నిక్_ల్యాబ్_అక్క:

విప్పమని అడుగు తమ్ముడూ, మొహమాటపడకు. ల్యాబ్‌లో ప్రతి ఏడాదీ పిల్లలు పాడుచేసిన మీటర్లు సర్దేది నేనే, వాటిలో సగానికి మీటరు బాగానే ఉంటుంది, పోయేది ప్రోబులే. కాబట్టి ముందు ప్రోబులు చూడు. 200 ఓముల రేంజిలో పెట్టి రెండు మొనలూ గట్టిగా ఆనించు, 0.2, 0.3 అలా వచ్చి నిలబడాలి. 1.5 అనో 2 అనో వచ్చి ఊగుతుంటే వైరు నాసిరకం. అలా ఆనించి ఉంచే, ప్లగ్ దగ్గర వైరుని అటూ ఇటూ వంచి చూడు, అంకె ఎగిరిందంటే లోపల పోగులు అప్పుడే తెగుతున్నాయని. తర్వాత బీప్ మోడ్‌లో మొనలు టకటకా తాకించు, తాకిన వెంటనే కూయాలి, అర సెకను ఆలస్యంగా కూసే మీటరుతో బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద తప్పు వెతకడం నరకం. జేబులో ఒక కొత్త పెన్సిల్ సెల్ పట్టుకెళ్ళు, ఒకటిన్నరకి కాస్త పైనే చూపించాలి.

మేకర్ తమ్ముడు చెప్పనిది ఒకటి నేను చెప్తాను. మీటరు లోపలి బ్యాటరీ నీరసిస్తే చవక మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. తక్కువ చూపిస్తే అనుమానం వస్తుంది, ఎక్కువ చూపిస్తే మనం నమ్మేస్తాం. మా తమ్ముడు లిథియం సెల్ చార్జ్ చేసి కొలిస్తే 4.6 వచ్చింది, ఆ సెల్ 4.2 దాటకూడదు, చార్జర్ పోయిందని దాన్ని విప్పి పారేశాడు. నేను మా ల్యాబ్ మీటరు తెచ్చి పెడితే 4.17. మంచి చార్జర్ అన్యాయంగా పోయింది. స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మ కనిపించిన రోజే మార్చేయి, ఇంకో వారం నడుస్తుందిలే అనుకోకు.

మన ఊరి గాలి సంగతి కూడా గుర్తుపెట్టుకో. ఎంవీపీ అంటే సముద్రం దగ్గరే కదా, ఉప్పు గాలికి బ్యాటరీ క్లిప్పులు పచ్చగా పట్టేస్తాయి, నాబ్ కింద కాంటాక్టులు కూడా మసకబారి రీడింగ్ దూకుతుంది. వాడని నెలల్లో బ్యాటరీ తీసి పెట్టు, మీటరుని జిప్ కవర్‌లో ఉంచు. చెమట కూడా అంతే, రెసిస్టర్ రెండు చివర్లూ వేళ్ళతో నొక్కిపట్టుకుని కొలిస్తే నీ ఒళ్ళు కూడా దానికి పక్కన ఇంకో రెసిస్టర్ అయిపోతుంది. మే నెలలో మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి 1 మెగా ఓమ్‌ని అలా పట్టుకుంటే 700 కిలో ఓములు వచ్చింది, మూడు మార్చింది, మూడూ అంతే. ఒక చెయ్యి తియ్యమ్మా అన్నాను, టక్కున 1 మెగాకి వచ్చింది. ఒక చివర మాత్రమే పట్టుకో, లేకపోతే మొసలి క్లిప్పులు కొనుక్కో.

పాత_రేడియో_మెకానిక్:

బాబూ, నాన్నగారు ఫ్యాన్లు అన్నారు కాబట్టి చెప్తున్నాను, కెపాసిటర్ రేంజి ఉన్నదే తీసుకో. సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరుగుతుందంటే చాలాసార్లు కెపాసిటరే, మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటుంది, కొలిస్తే ఒకటిన్నరకి పడిపోయి ఉంటుంది. మెయిన్ ఆపి, దాని వైర్లు విప్పి, డిశ్చార్జ్ చేశాకే కొలవాలి.

మీటరు విలువ నాకు బాగా తెలిసింది 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుఫాను అప్పుడు. రోజుల తరబడి సప్లై లేదు, మా వీధి మొత్తానికి రెండు ఇన్వర్టర్ బ్యాటరీలే దిక్కు, అందరి ఫోన్లూ వాటి మీదే. పొద్దున్నా సాయంత్రం వోల్టేజ్ చూసేవాణ్ణి, 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కి దిగితే ఇంక ఎవరొచ్చినా వద్దనేవాణ్ణి. అప్పటి మీటరు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

ఎంవీపీ_కుండీలు:

అప్‌డేట్. యూటీ33ఏ ప్లస్ తీసుకున్నాను, బడ్జెట్ కన్నా కొంచెం దాటింది, మిగిలింది నాన్న ఇచ్చారు. షాపులో మొదట తీసినదాని ప్రోబులు వంచితే అంకె ఎగిరింది అక్కా, మీరు చెప్పినట్టే, రెండోది అడిగితే ఏమీ అనకుండా ఇచ్చారు.

ఇంటికి రాగానే పంపు చూశాను. బ్యాటరీ ఒట్టిగా 9.3. రిలే పడి పంపు మూలిగినప్పుడు అదే బ్యాటరీ మీద 2.9! పంపు తీసేస్తే మళ్ళీ మెల్లగా 9కి ఎక్కుతుంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఇది నా కంటికి కనిపించలేదు.

మధురవాడ_మేకర్:

అదే బ్రో. ఆ చదరపు బ్యాటరీ లోపల రెసిస్టెన్స్ ఎక్కువ, తక్కువ లాగే చిన్న చిన్న వస్తువులకి సరిపడా ఇస్తుంది గానీ మోటారు లాగేంత ఇవ్వలేదు. పాత ఫోన్ చార్జర్ ఒకటి తీసి, యూఎస్‌బీ వైరు కోసి, ఎరుపు నలుపు పంపుకి ఇవ్వు. రంగుల్ని నమ్మకు, మీటరుతో ప్లస్ మైనస్ చూసుకున్నాకే తగిలించు.

ఎంవీపీ_కుండీలు:

ఇచ్చాను. ఖాళీగా 5.11, పంపు తిరుగుతుంటే 4.87. మందార కుండీలోకి నీళ్ళు పడుతున్నాయి, అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. గొట్టం పాతిక కుండీలకి ఎలా పంచాలో వేరే పోస్టులో అడుగుతాను.