అప్‌డేట్: మంగపేట దగ్గర గాలానికి పడ్డ మెత్త తాబేలు

మొన్న మిమ్మల్ని నేను అడిగింది ఇదీ: గోదావరిలో వాలుగ కోసం వేసిన గాలానికి మెత్తటి వీపున్న తాబేలు పడింది, ఏ రకం, ఉంచుకోవచ్చా అని.

మీరు చెప్పినట్టు వెల్లకిలా తిప్పి చూస్తే తేలిపోయింది. పొట్టవైపు, వెనక కాళ్ల మీద మూతల్లా మూసుకునే రెండు చర్మపు రెక్కలున్నయ్. అంటే ఫ్లాప్‌షెల్ అనే రకం. ఆ రెక్కలు లేకుంటే వేరే రకం సాఫ్ట్‌షెల్ (మెత్త తాబేలు). పిల్లదై వీపు మీద కళ్లలాంటి గుండ్రటి మచ్చలు కనిపిస్తే లీత్ సాఫ్ట్‌షెల్ అనుకోవచ్చు. ఏదైనా జవాబు మారదు: 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమే. కూర సంగతి సరేసరి!

గాలం తీయడానికి పట్టుకునేటప్పుడు చిప్ప వెనక అంచుల దగ్గరే పట్టాలె. మెడ అనుకున్నదానికన్నా చాలా పొడుగు సాగుతది, కరిస్తే వదలదు. గాలం మొన పెదవి దాటి బయటికొస్తే ప్లయర్‌తో మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు కత్తిరించి, మిగిలింది వచ్చిన దారినే వెనక్కి తీయాలె. మింగేస్తే మాత్రం దారం లాగొద్దు, పేగు చీరుకుపోతది. జానెడు దారం బయటికి ఉంచి కత్తిరించి, తడిగుడ్డ కప్పిన టబ్బులో నీళ్లు పోయకుండా ఉంచి అటవీశాఖకు చెప్పాలె. ఇక్కడ గాలం పెదవికే ఉండె, తీసి అక్కడే ఒడ్డున వదిలేసిన.