మాడ్రిడ్‌లో మూడు నెలలు: మాంసం లేని తిండి, వారాంతపు ఊళ్లు. సలహా కావాలి

ప్రశ్న:
మాది అనంతపురం. ఉద్యోగం మీద మాడ్రిడ్ వచ్చి మూడు నెలలైంది, కనీసం నాలుగేళ్లు ఇక్కడే ఉంటాం. నేను గుడ్డు తింటాను. మాంసం, చేపలు తినను. మా ఆవిడ కోడి, చేప తింటుంది. పంది, గొడ్డు మాంసం ముట్టదు. సాయంత్రం ఏడింటికి ఆకలేసి హోటల్‌కు వెళ్తే వంట ఇంకా మొదలవలేదంటున్నారు. మొన్న మాంసం వద్దని చెప్పి మరీ బఠాణీల కూర తెప్పించుకుంటే అందులో హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) ముక్కలు వచ్చాయి. అప్పటి నుంచి బయట తినాలంటే టెన్షన్‌గా ఉంది. రోజూ ఇంట్లోనే వండుకుంటే ఇంత దూరం వచ్చి ఈ దేశాన్ని చూడనట్టే కదా. శని, ఆదివారాల్లో ముందు ఏ ఊరు వెళ్లమంటారు? అక్కడ ఏం తినాలి?

జవాబు 1:
తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లుగా వలెన్సియాలో ఉంటున్నాను. ముందు భోజనం వేళ మార్చుకోండి, సగం ఇబ్బంది తీరుతుంది. ఇక్కడ అసలు భోజనం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు. ఆ తర్వాత చాలాచోట్ల వంటగది మూసేసి, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి గానీ తెరవరు. పనిరోజుల్లో మధ్యాహ్నం ‘మెను దెల్ దియా’ అడగండి. మొదటి వంటకం, రెండో వంటకం, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర పండో స్వీటో, అన్నీ కలిపి ఒకే ధర. ఇక ఏడింటి ఆకలికి ఏదైనా బార్‌లో ‘తోర్తియా’ ముక్క తినండి. బంగాళాదుంపలు వేసి మందంగా చేసిన గుడ్డట్టు అది.

మాంసం సంగతి. ఇక్కడ ‘కార్నే’ (మాంసం) అంటే చాలామంది మనసులో ఉండేది కూరగానో వేపుడుగానో వండిన మాంసమే. హామ్, చోరిసో (పంది మాంసంతో చేసే సాసేజ్), ట్యూనా చేప ఆ లెక్కలోకి రావు. అందుకే ఒక్కోదాన్ని పేరు పెట్టి చెప్పాలి: ‘సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ అతూన్’. ‘సిన్’ అంటే ‘లేకుండా’, ‘హామోన్’ అంటే హామ్, ‘అతూన్’ అంటే ట్యూనా. మీ ఆవిడ ‘సెర్దో’ అంటే పంది, ‘తెర్నేరా’ అంటే గొడ్డు మాంసం అని గుర్తుంచుకుని, హామ్, చోరిసో కూడా వద్దని విడిగా చెప్పాలి.

నేను తప్పులు చేసి నేర్చుకున్నది ఇంకోటి చెబుతాను. మాంసం పైన చల్లుతారా, ఉడికేటప్పుడే వేస్తారా అని చూసుకోండి. టమాటా, బ్రెడ్డు, వెల్లుల్లి, ఆలివ్ నూనె రుబ్బి చేసే చల్లటి ‘సల్మొరేహో’ మీద హామ్ ముక్కలు చల్లుతారు, వద్దంటే మానేస్తారు. ‘లెంతేహాస్’ అనే పప్పు చూడ్డానికి మన పప్పులాగే ఉంటుంది గానీ, చోరిసో అందులోనే ఉడుకుతుంది. ముక్కలు ఏరేసి ఇచ్చినా రసం దానిదే.

ఇక ఊరు. మా ఊరికే రండి, హైస్పీడ్ రైల్లో రెండు గంటలు కూడా పట్టదు. రెన్ఫే, ఊయిగో, ఇర్యో అనే మూడు రైలు కంపెనీల ధరలూ పోల్చుకుని ముందే కొనండి. మాడ్రిడ్‌లో రైలు అతోచా స్టేషన్ నుంచా, చమార్తిన్ స్టేషన్ నుంచా అన్నది టికెట్ మీద చూసుకోండి. వెడల్పాటి పెనంలో బియ్యంతో వండే పాయెయాకు పుట్టిల్లు ఇదే. అసలు వలెన్సియా పాయెయాలో కోడి, కుందేలు ఉంటాయి, మీరు ‘దె వెర్దూరాస్’ అని కూరగాయలది అడగండి. ఏ నీళ్లతో వండారో కూడా అడగండి, మాంసం ఉడికించిన నీళ్లు పోసే చోట్లు ఉన్నాయి. అడుగున పట్టిన మాడుచెక్కను ‘సొకర్రాత్’ అంటారు, దాన్ని గరిటెతో గీకి మరీ తింటారు. తిన్నాక బస్సులో ఊరి పక్కనున్న అల్బుఫేరా సరస్సు వైపు వెళ్లండి. నేను కోనసీమలో పుట్టినదాన్ని. సెప్టెంబరులో అక్కడ పండిన వరి చేలు చూసిన మొదటిసారి గట్టు మీదే నిలబడిపోయాను.

జవాబు 2:
నేను గ్రనాడాలో చదువుకుంటున్నాను. ఇక్కడ చాలా బార్‌లలో డ్రింక్ చెబితే చిన్న ప్లేటు తిండి ఉచితంగా ఇస్తారు. అది మద్యమే కానక్కర్లేదు. కాకపోతే ప్లేటులో ఏముంటుందో వాళ్ల ఇష్టం, కాబట్టి కూర్చోగానే మీరు తిననివి చెప్పేయండి. చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు అడిగి తినండి. ఇక్కడి పాత కోట, రాజభవనాలు ఉన్న అల్హంబ్రా టికెట్లు చాలా ముందుగా కొనాలి, వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు. శీతాకాలంలో వస్తే మార్కెట్‌లో ‘చిరిమోయా’ వెతకండి. మన సీతాఫలం జాతిదే, మోత్రిల్, అల్మున్యేకర్ వైపు తోటల్లో కాస్తుంది.

మీరు అనంతపురం అన్నారు కదా, ఆ మాట ఇక్కడివాళ్లకు చెప్పండి. అక్కడ 1969లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థను పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు. మీ జిల్లా పిల్లల చదువులకు ఏళ్ల తరబడి డబ్బు పంపిన కుటుంబాలు ఈ దేశంలో ఉన్నాయి.

అడిగినవారు:
అక్కా, ముందు వలెన్సియాకే వస్తాం. ఆదివారం అయితే సరిపోతుందా?

జవాబు 1:
శనివారం రండి. సెంట్రల్ మార్కెట్ ఆదివారం మూత, మిగతా రోజుల్లో మూడింటికే కట్టేస్తారు. పొద్దున మార్కెట్ చూసుకుని, రెండింటికి పాయెయా తినండి. టేబుల్ ముందే చెప్పి పెట్టండి. పాయెయాను చాలాచోట్ల ఇద్దరికి తక్కువ వండరు, మీ ఆవిడ కూడా కూరగాయలదే తింటానంటే ఇబ్బంది లేదు.