పూర్తి మత్తులో ఉన్న గుర్రానికి కీలులో మళ్లీ స్థానిక మత్తు ఎందుకు?

మలక్‌పేట_గ్యాలరీ:
నా మిత్రుడి నాలుగేళ్ల గుర్రానికి ముందుకాలిలో, గిట్టకు కాస్త పైన ఉండే కీలైన ఫెట్‌లాక్‌లో చిన్న ఎముక ముక్క ఊడిందని ఎక్స్‌రేలో కనబడింది. వచ్చే గురువారం పూర్తి మత్తు ఇచ్చి, చిన్న రంధ్రం గుండా కీలులోకి సన్నని కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీతో ఆ ముక్కను తీస్తారట. కీలులో స్థానిక మత్తు కూడా ఇస్తారా అని అడిగితే, డాక్టరు గారు “స్పృహలో లేని గుర్రానికి నొప్పేమిటండీ?” అని నవ్వేశారట. ఆ నవ్వు సబబేనా అన్నదే నా సందేహం.

కత్తి_కుట్టు:
నేను పద్దెనిమిదేళ్లుగా గుర్రాలకు శస్త్రచికిత్స చేస్తున్నాను, ఆ నవ్వుతో ఏకీభవించను. ఐసోఫ్లురేన్ అనే మత్తు వాయువు గుర్రాన్ని నిద్రపుచ్చుతుందే గాని, కీలు నుంచి వెన్నుపాముకు వెళ్లే కబురును ఆపదు. ద్రవాన్ని ఒత్తిడితో ఎక్కించి కీలు సంచిని ఉబ్బించిన క్షణాన, అంతవరకు కదలకుండా పడుకున్న గుర్రం కాలు గుంజుకోవడం, దాని రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకడం నేను ఎన్నోసార్లు చూశాను. అప్పుడు మత్తు వైద్యుడు వాయువు పెంచుతాడు, పెంచితే కాసేపటికి రక్తపోటు పడిపోతుంది. సగటు రక్తపోటు 70కి దిగువన చాలాసేపు ఉంటే, 450 కిలోల బరువు కింద నలిగిన కండరాలకు రక్తం అందక, లేవవలసిన వేళకు అవి పట్టు తప్పుతాయి. ముందే స్థానిక మత్తు ఇస్తే తక్కువ వాయువుతో పని జరుగుతుంది.

ఎముకల_పెట్టె:
వైద్యుడు గారు కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి సంగతి ఎత్తలేదు. బ్యుపివకైన్ అనే స్థానిక మత్తు మందు మృదులాస్థి కణాలను చంపుతుంది. మనుషుల భుజాల కీళ్లలోకి ఈ తరగతి మందులను పంపుతో ఎక్కించగా కీలు అరిగిపోయిన 35 ఉదంతాలను చూసి, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరిక జారీ చేసింది. పోయిన మృదులాస్థి తిరిగి పెరగదు. ఎముక ముక్క తీసి కీలును కాపాడబోతూ, అదే సూదితో కీలును తినేసే మందు పోయడం ఏ న్యాయం?

కత్తి_కుట్టు:
ఆ హెచ్చరిక 48 నుంచి 72 గంటలపాటు ఆగకుండా ఎక్కించిన మందు గురించినది. నేను చెబుతున్నది ఒక్కసారి ఇచ్చే సూది గురించి. గుర్రపు మృదులాస్థి కణాల మీద ప్రయోగశాలలో పోల్చి చూసినప్పుడు బ్యుపివకైన్ ఎక్కువ హాని చేసింది, అదే తరగతికి చెందిన మెపివకైన్ అన్నిటికన్నా తక్కువ చేసింది. అందుకే నేను బ్యుపివకైన్‌ను కీలులో వాడను.

ఎముకల_పెట్టె:
తక్కువ హాని అంటే హాని ఉన్నట్టే కదా.

తోక_తాడు:
ఆపరేషన్‌లో కీలును లీటర్ల కొద్దీ ద్రవంతో కడుగుతారు. ముందు ఎక్కించిన మందు అందులో ఎంత మిగులుతుందో ఎవరైనా చెబుతారా?

ఎముకల_పెట్టె:
మిగిలినంత చాలు. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

పాత_సైసు_కొడుకు:
మీరిద్దరూ సీసాల పేర్లతో కొట్టుకుంటున్నారు గాని, అసలు పూర్తి మత్తు ఎందుకని ఒక్కరూ అడగడం లేదు. 1975లో న్యూయార్క్‌లోని బెల్మాంట్ పార్కులో కాలు విరిగిన రఫియన్ అనే ఆడగుర్రానికి ఆపరేషన్ చేస్తే, మత్తు దిగే వేళ అది కాళ్లు విసిరి, కట్టిన కట్టును ధ్వంసం చేసుకుని, మళ్లీ గాయపడింది. చివరికి దాని ప్రాణం తీయవలసి వచ్చింది. నా ఆడగుర్రం విషయంలోనూ అంతే జరిగింది. ఆసుపత్రి పేరు చెప్పను. మోకాలిలోని ముక్కను చక్కగా తీశారు. ఆ తరువాత మెత్తలు పరిచిన గదిలో వదిలి, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. అది నాలుగుసార్లు లేవబోయి పడింది. అయిదోసారి మంచి కాలే విరిగింది. నిలబెట్టి, స్థానిక మత్తుతో చేసి ఉంటే ఈ గతి పట్టేదా?

కత్తి_కుట్టు:
మీ బాధ అర్థమవుతోంది గాని, నిలబెట్టి చేయడం అన్ని కీళ్లకూ కుదరదు. ఫెట్‌లాక్ ముందువైపు ముక్కలను డెటోమిడిన్‌తో మగతలో నిలబెట్టి, నరానికి మందు ఇచ్చి తీసినవారున్నారు. మోకాలిని మాత్రం వంచి పట్టుకుంటే తప్ప లోపల చోటు కనబడదు, నిలబడ్డ గుర్రంలో అది అంత తేలిక కాదు. పైగా కడుపునొప్పి ఆపరేషన్లను పక్కన పెడితే, పూర్తి మత్తులో చనిపోయినవి సుమారు నూటికి ఒకటని 2002లో వెలువడిన పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది.

పాత_సైసు_కొడుకు:
మీకు అది నూటిలో ఒకటి కావచ్చు, నా దగ్గర మాత్రం ఉన్నదే ఒకటి.

కత్తి_కుట్టు:
అలా మాట్లాడితే చర్చ సాగదు. స్థానిక మత్తు ఇచ్చి ఉంటే ఆ కాలు విరిగేది కాదని మీరెలా చెప్పగలరు? మోకాలి కింద ఉన్నవి స్నాయువులే, కండరాలు దాదాపు లేవు, కనుక కింది నరాన్ని తిమ్మిరెక్కించినా కాలు బలం పోదు. అయితే నేల ఎక్కడుందో తెలియని కాలితో లేచే గుర్రం కూడా తడబడవచ్చు. ఆ తడబాటు నా చేతుల్లోనే ఒకసారి జరిగింది.

పాత_సైసు_కొడుకు:
అదిగో, ఆ చివరి వాక్యం! ఆ మాట ఆపరేషన్‌కు ముందు నాకు ఎవరూ చెప్పలేదు. “చిన్న పని, సాయంత్రానికి మేత వేయవచ్చు” అన్నారు. సంతకం పెట్టిన కాగితంలో మందు పేరు లేదు, లేచే గది మాట లేదు. నేను స్థానిక మత్తు కోసం పోట్లాడుతున్నానని మీరు అనుకుంటున్నారు. నాకు ముందుగా చెప్పి ఉంటే, ఆ ముక్కను అక్కడే వదిలేసి దానిని పచ్చికలో బతకనిచ్చేవాడిని.

ఎముకల_పెట్టె:
నేనూ ఒక మాట దాచాను, చెబుతాను. చనిపోయిన పందెపు గుర్రాల కీళ్లను కోసి చూడడం నా ఉద్యోగం. నొప్పి తెలియకుండా మందులు పొడిచి పరిగెత్తించిన కీళ్లు ఎలా ఉంటాయో, గాజు పెంకులా మెరవవలసిన మృదులాస్థి గాట్లు పడి పసుపు రంగుకు ఎలా తిరుగుతుందో నేను చూశాను. ఆపరేషన్ బల్ల మీద ఒక సూది గురించి నాకు అంత భయం లేదు. నొప్పి లేని గుర్రాన్ని మూడో రోజునే నడిపించే యజమాని అంటేనే భయం. నొప్పి ఉంటే అది కనీసం కాలు పైకెత్తి పెట్టుకుంటుంది.

కత్తి_కుట్టు:
మెపివకైన్ రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, మూడో రోజు దాకా ఉండదు. యజమాని తొందరకు మందును తప్పుపట్టి, ఆపరేషన్ రోజు రాత్రి గుర్రాన్ని నొప్పితో నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. అయితే కాగితంలో మందు పేరు రాయాలన్న మాట నిజం, నేనూ రాయడం లేదు.

మలక్‌పేట_గ్యాలరీ:
ఈ చర్చ చదివి మిత్రుడు డాక్టరు గారికి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఆయన నవ్వలేదట. కీలులో ఏమీ పోయననీ, ఫెట్‌లాక్‌కు పైన నరానికి మాత్రం మందు ఇస్తాననీ అన్నారట.

పాత_సైసు_కొడుకు:
లేచేటప్పుడు తలకొక తాడు, తోకకొక తాడు కట్టి మనుషులు పట్టుకుంటారా, గుర్రాన్ని దాని మానాన వదిలేస్తారా అన్నది కూడా అడగమనండి.