పిల్లలకు ‘బయాస్’ పాఠాలు చెప్పాలా, వద్దా?

జడ్పీ హైస్కూల్ లెక్కల టీచర్:
మా తొమ్మిదో తరగతికి వారానికో పీరియడ్ తీసుకుని, మన బుర్ర మనల్నే ఎక్కడెక్కడ మోసం చేస్తుందో, అంటే ‘బయాస్’ల గురించి చెబుతున్నాను. సిలబస్సే అవ్వట్లేదు, ఇదెందుకని స్టాఫ్ రూంలో సగం మంది అంటున్నారు. నా మటుకు నాకు చెప్పి తీరాలనే ఉంది.

మొదటి రోజు బోర్డు మీద 2-4-6 రాశాను. ఇవి ఒక నియమం ప్రకారం ఉన్నాయి, మీరూ మూడేసి అంకెలు చెబుతూ పోండి, సరిపోతే అవునంటాను, నియమం కనిపెట్టండి అన్నాను. 8-10-12, అవును. 20-22-24, అవును. ‘రెండేసి పెరగాలి టీచర్!’ అని క్లాసంతా అరిచింది. కాదు. అంకెలు వరసగా పెరిగితే చాలు, అంతే నియమం. 1-2-9 అని గానీ 6-4-2 అని గానీ అడిగి చూసినవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ తాము అనుకున్నదానికి అవును అనిపించుకునే అంకెలే అడిగారు. 1960లో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ పెట్టిన పరీక్ష ఇది, అప్పుడూ 29 మందిలో మొదటిసారికే సరిగ్గా చెప్పింది ఆరుగురే.

ఇంకో వారం ఎంసెట్ ఫలితాలప్పుడు ఒక కోచింగ్ కాలేజీ వేసిన ఫుల్ పేజీ ప్రకటన తెచ్చి, ఫోటోలు లెక్కపెట్టించి, అక్కడ చేరినవాళ్లు మొత్తం ఎంతమందో ఆ పేజీలో వెతకమన్నాను. ఎక్కడా లేదు. వెనక బెంచీ అబ్బాయి ‘మా అన్న కూడా అందులోనే చదివాడు టీచర్, వాడి ఫోటో వేయలేదు’ అన్నాడు. ర్యాంకు రానివాళ్లు ఆ పేజీలో కనబడరని ఎవరూ చెప్పకుండా వాడికే తట్టింది చూడండి, నేను ఆ పీరియడ్ తీసుకునేది దానికోసమే.

ఇద్దరు పిల్లల తండ్రి:
మేడమ్, మీ ఉద్దేశం మంచిదే, కానీ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా వినండి. మా పెద్దాడు నీట్‌కి లాంగ్ టర్మ్ రెండోసారి రాస్తున్నాడు, మళ్లీ ఫీజు కట్టాలా వద్దా అని నేనూ మా ఆవిడా నిద్ర లేకుండా మాట్లాడుకుంటుంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి ‘అది సంక్ కాస్ట్ నాన్నా’ అనేసి వెళ్లిపోయింది. అంటే ఎలాగూ తిరిగిరాని ఖర్చట, దాన్ని చూసుకుని ఇంకా పెట్టకూడదట. వాళ్ల స్కూల్లో చెప్పారట. వాడి మార్కులు ఎంత పెరిగాయో, వాడి మనసులో ఏముందో దానికి తెలుసా? పేరు పెట్టేస్తే మాట అక్కడితో అయిపోతుంది. వాళ్ల నానమ్మ నోరు తెరిస్తే కన్ఫర్మేషన్ బయాస్, అంటే తాను నమ్మినదానికి సరిపోయేదే చూస్తోంది అంటోంది. ఇది తెలివి అనిపించుకోదండీ, పెద్దవాళ్ల నోరు మూయించడం.

సైకాలజీ లెక్చరర్:
ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ ప్రోనిన్ వాళ్లు 2002లో చేసిన పరిశోధనలో, ఈ పొరపాట్ల గురించి చదివి కూడా చాలామంది ‘మిగతావాళ్లకే ఎక్కువ, నాకు తక్కువ’ అనుకున్నారు. అంటే జాబితా బట్టీ పట్టిస్తే పక్కవాడి తప్పు కనబడుతుందే తప్ప మనది కనబడదు. కొంత పనిచేసేది ఒక అలవాటు: నేను అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమే నిజమైతే ఏం కనబడాలి అని కూర్చుని ఆలోచించడం. 1984లో లార్డ్, లెపర్, ప్రెస్టన్ అనే పరిశోధకులు చేసి చూపించారు, ‘పక్షపాతం లేకుండా చూడండి’ అని ఊరికే చెప్పడం కంటే ఇదే బాగా పనిచేసింది.

జడ్పీ హైస్కూల్ లెక్కల టీచర్:
తండ్రి గారూ, మీ మాట నన్ను ఆపింది. పేర్లు నేనూ ముందే చెప్పేస్తున్నాను, అది మానేస్తాను. ఇకమీదట పిల్లలు నోట్సులో సొంత పొరపాటే రాయాలి, ఎవరి గురించీ రాయకూడదు, పేరు ఆఖర్న చెబుతాను. కానీ మీ అమ్మాయి అన్నది పూర్తిగా కొట్టెయ్యకండి. కట్టేసిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు, కాబట్టి అడగాల్సింది ఒకటే: ఇవాళే కొత్తగా మొదలుపెడుతున్నాడనుకుంటే ఈ ఏడాది ఫీజు కడతారా? మార్కులు పెరుగుతున్నాయి అంటున్నారు కదా, జవాబు ‘కడతాను’ అనే రావచ్చు. అప్పుడు కట్టండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
రాత్రి వాడినే అడిగానండి, అదే మాట. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మానేస్తే మీరు ఖర్చుపెట్టిందంతా పోతుందనే చదువుతున్నాను నాన్నా అన్నాడు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు, ఆదివారం నలుగురం కూర్చుంటాం, అమ్మాయి కూడా. మీ పీరియడ్ ఉండనివ్వండి మేడమ్. పరీక్షలో బిట్లుగా మాత్రం పెట్టకండి, దానికి నేనిప్పటికీ ఒప్పుకోను.